తను కిందికి దిగే చోటు

మా ఇంట్లో అన్నం కుక్కర్ కొరియన్ భాషలో మాట్లాడుతుంది. అన్నం అవగానే ముందు చిన్న సంగీతం వాయిస్తుంది, ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు ఎంతో మర్యాదగా రెండు ముక్కలు చెబుతుంది. ఆ కుక్కర్ మాది కాదు, నా తోటికోడలిది. ఇంగ్లీష్‌లోకి మార్చుకునే వీలున్నా తను మార్చనివ్వలేదు. "ఇంగ్లీష్‌లో అయితే ఆఫీస్ ఈమెయిల్ చదివినట్టుంటుంది అక్కా. ఇట్లా అయితే ఎవరో పక్కింటావిడ వచ్చి పలకరించినట్టుంటుంది" అనేది. అది పలికిన ప్రతిసారీ, తను ఏ గదిలో ఉన్నా సరే, "సరే తల్లీ, వస్తున్నా" అని గట్టిగా జవాబు చెప్పేది. తను పోయిన నెలకి మా మరిది ఆ కుక్కర్‌ని తువ్వాలులో చుట్టి తెచ్చి మా కౌంటర్ మీద పెట్టాడు. "వదినా, ఇది మాట్లాడుతుంటే నేను ఆ ఇంట్లో ఉండలేకపోతున్నా" అన్నాడు. అప్పటి నుంచి అది మా ఇంట్లో మాట్లాడుతోంది. జవాబు చెప్పేవాళ్లే లేకపోయారు.

తోటికోడళ్లంటే ఒకే ఒరలో రెండు కత్తులని మా అమ్మ ముందే చెప్పింది. అమెరికాలో ఈ క్యారీ ఊరికి వచ్చిన కొత్తలో మేమూ కత్తులమే. అన్నదమ్ములిద్దరూ దగ్గర దగ్గర వీధుల్లో ఇళ్లు కొనుక్కుని మురిసిపోయారు గానీ, మా ఇద్దర్నీ కలిపింది వాళ్లు కాదు, ఎండు నెత్తళ్లు. మాదీ సముద్రం పక్క ఊరే, తనదీ సముద్రం పక్క ఊరే. ఇండియన్ స్టోర్‌లో ఎండుచేపలు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు. కొరియన్ స్టోర్‌లో మాత్రం నెత్తళ్లు సన్నవీ లావువీ వేరువేరుగా, తళతళా మెరుస్తూ గోడంతా ఉంటాయని తను కనిపెట్టింది. ఆ శనివారం నన్ను లాక్కెళ్లి ఆ గోడ ముందు నిలబెట్టి, "ఇప్పుడు చెప్పు, నేను పనికిమాలినదాన్నా?" అంది. నేను ఎప్పుడో ఎవరితోనో అన్న మాట అది, తన చెవిన పడిందన్నమాట. ఆ రోజు నుంచి నేను చెల్లీ అన్నాను, తను అక్కా అంది.

రెండిళ్లకీ కలిపి ఒక్కతే పిల్ల, వాళ్లమ్మాయి. చెల్లి రీసెర్చ్ పార్క్‌లో మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేసేది. నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి స్కూల్ అయ్యాక పిల్ల మా ఇంటికే వచ్చేది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంకొకళ్ల పనిలో తప్పులు పట్టి 'బగ్' అని రాసిపెట్టడమే నా ఉద్యోగం. నా స్వభావం కూడా అదేనని మా ఆయన అంటారు, అననివ్వండి.

కొరియన్ పాటల పిచ్చి మాత్రం చెల్లికి స్టోర్‌లో అంటుకోలేదు, చర్చిలో అంటుకుంది. మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. ఒక కొరియన్ చర్చి వాళ్ల బిల్డింగ్‌లో ఆదివారం మధ్యాహ్నం కూడుకుంటాం. వాళ్ల ఆరాధన అయి, భోజనాలు అయి, వాళ్లు వెళ్తుంటే మేం వస్తాం. వాళ్ల పులుసు వాసనలోకి మా బిరియానీ వాసన దూరుతుంది. వాళ్లందరూ వెళ్లిపోయినా కిచెన్‌లో ఒక మామ్మగారు మాత్రం గిన్నెలు కడుగుతూ ఉండిపోయేది. సింక్ పైన కిటికీ గట్టు మీద ఫోన్ ఆనించి పాటలు పెట్టుకునేది. భక్తి పాటలనుకునేరు, కాదు. ఒట్టి ప్రేమ పాటలు, విడిపోయిన పాటలు. మా పాస్టర్ అయ్యగారు కాఫీ కోసం అటు వస్తే సౌండ్ తగ్గించేది, ఆయన వెళ్లగానే పెంచేది. ఆ ఒక్క పనితో ఆవిడ నాకు నచ్చేసింది.

చెల్లి ట్రేలు వేడి చెయ్యడానికి వెళ్లి ఆవిడ పక్కన నిలబడిపోయేది. ఇద్దరికీ కలిసిన భాష లేదు, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీష్ తప్ప. ఒక ఆదివారం చెల్లి చింతపండు, పండుమిరపకాయ వేసి వేయించిన నెత్తళ్లు పట్టుకెళ్లింది. మరుసటి వారం మామ్మగారు తన నెత్తళ్లు తెచ్చింది. పంచదార వేసి! నేను ఒకటి నోట్లో వేసుకుని, "నెత్తళ్లకి పట్టిన ఖర్మ" అన్నాను. చెల్లి డబ్బా అంతా ఖాళీ చేసింది. ఆ రోజే ఆవిడ పాటలన్నీ తన ఫోన్‌లోకి ఎక్కించుకుని వచ్చింది.

అప్పటి నుంచి శనివారం కారులో అవే. తను డ్రైవ్ చేస్తుంది, పక్కన నేను, వెనక పిల్ల. ఒకటే పియానో, దాని వెనకాల అప్పుడే ఏడుపు ఆపుకున్న మగాడి గొంతు. రెండో చరణానికి డ్రమ్స్ వస్తాయి. చివరికి గొంతు చించుకుని పైకి పోతాడు, ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతాయి, ఒక్క మాట మెల్లగా అని ఊరుకుంటాడు. ప్రతి పాటా ఇంతే. వానొకటి పడుతూ ఉండాలి. "మన ఏడుపులు చాలక, దేశం కాని దేశం వాళ్ల ఏడుపులు కూడానా?" అనేదాన్ని. "అర్థం కాదుగా అక్కా, అందుకే హాయి. అర్థమయ్యే పాటైతే మధ్యలో నా ఏడుపే గుర్తొస్తుంది" అనేది.

అర్థం పిల్ల చెప్పేది, ఫోన్‌లో చూసి. ఒక పాట ఉంది. చెల్లి ప్రాణం ఆ పాట. "బస్ స్టాప్‌లో ఉన్నారు," అని పిల్ల వెనక సీట్లోంచి వార్తలు చదివినట్టు చదివేది. "ఆమె వెళ్లిపోతుంది. ఇట్స్ కోల్డ్, కోట్ బటన్స్ పెట్టుకో అంటున్నాడు. టైమ్‌కి తిను అంటున్నాడు. నేను ఇక్కడే నిలబడతా, నువ్వు వెనక్కి చూడొద్దు అంటున్నాడు. దట్స్ ఇట్."

"అంత ప్రేముంటే బస్సెందుకు ఎక్కిస్తున్నాడే? సచ్చినోడు" అనేదాన్ని నేను.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, కాసేపు నోరు మూసుకో. నన్ను ఏడవనివ్వు" అనేది చెల్లి. నిజంగానే కళ్లు తుడుచుకునేది. వెంటనే నవ్వేది.

ఆ పాటలో చివర ఒక చోటుంది. అతను మెట్లు ఎక్కినట్టు ఎక్కి, ఎక్కి, ఒక్కసారిగా అందనంత పైకి వెళ్తాడు. చెల్లి కూడా అతనితో పాటు ఎక్కేది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి చిన్న ఊపిరి తీసుకుని కిందికి దిగిపోయేది. కింద తన మానాన తను ఏదో తిప్పుకుంటూ ఉండేది. వెనకనుంచి పిల్ల "అమ్మా, రాంగ్!" అని అరిచేది. "అక్కడ పైకి వెళ్లాలే, నీ మీద బగ్ రాస్తా" అని నేను. "పైకెళ్తే నా గొంతు చిరుగుతుంది. నేను కిందే ఉంటా. ఆయనే దిగొస్తాడు, చూడు" అనేది. పాట అయిపోయే ముందు అతను నిజంగానే దిగొచ్చేవాడు. అప్పుడు తను ఏదో గెలిచినట్టు నా వైపు చూసేది. ఇంట్లో గిన్నెలు తోముతూ అదే పాట, చర్చిలో ప్లేట్లు సర్దుతూ అదే పాట, మాటల్లేకుండా, పెదవులు కలిపి. ఎప్పుడూ అక్కడే కిందికి.

చలికాలం చివర్లో ఒక వాన రోజు, ల్యాబ్‌లో పని చేస్తూ చేస్తూ తలనొప్పి అని కూర్చుందట. తలలో నరం చిట్లింది. మేం హాస్పిటల్‌కి చేరేసరికి మాట లేదు. సాయంత్రానికి మనిషే లేదు. ఇంతకంటే రాయలేను.

పిల్ల ఏడవలేదు. సమాధి దగ్గర ఏడవలేదు, ఇంటికొచ్చాక ఏడవలేదు. స్కూల్‌కి వెళ్లింది, మార్కులు తెచ్చుకుంది, పెట్టింది తిన్నది, "థాంక్స్ పెద్దమ్మా" అని ప్లేట్ కడిగి పెట్టింది. అంత బుద్ధిగా ఉంటే నాకు భయం వేసింది. ఫోన్లోంచి ఆ పాటలన్నీ తీసేసింది. మూడు నాలుగు నెలలకి నేను దాన్ని కొరియన్ స్టోర్‌కి తీసుకెళ్లాను, పాత అలవాటు మళ్లీ మొదలైతే మనిషి తేరుకుంటుందని. ముల్లంగి దుంపలు ఏరుతుంటే పైన సీలింగ్‌లోంచి ఆ పాట మొదలైంది. పియానో వినపడిందో లేదో, పిల్ల సామాన్ల బండి అక్కడే వదిలేసి బయటికి నడిచింది. వెనకాలే వెళ్లి చూస్తే కారు పక్కన నిలబడి ఉంది. "ఇంటికి వెళదాం" అంది, అంతే. ఆ తర్వాత స్టోర్‌కి నేనొక్కదాన్నే వెళ్తున్నాను.

దానికి పాట వద్దు. నన్ను మాత్రం పాట వదల్లేదు. డ్రయ్యర్ తిరుగుతుంటే అందులో వినపడేది. నలభయ్యో నంబర్ హైవే మీద టైర్ల కింద వినపడేది. పప్పు తిప్పుతూ తిప్పుతూ ఉలిక్కిపడేదాన్ని. నా నోరే ఆ పాట తీస్తోంది, అక్కడికి రాగానే నా గొంతే కిందికి దిగుతోంది. నా గొంతు అలా దిగే రకం కాదు! పక్క గదిలో పిల్ల చదువుకుంటోందని గుర్తొచ్చి చప్పున నోరు మూసుకునేదాన్ని. దయ్యాలు లేవని మా అయ్యగారు వాక్యం ఎత్తి మరీ చెబుతారు. నేనూ నమ్మను. కానీ వంటింట్లో లైటు ఆపేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసే అలవాటు నాకు అప్పుడే అయింది.

ఏడాది దగ్గర పడింది. జ్ఞాపకార్థ కూడిక పెడదామన్నాడు మరిది. పోయినవాళ్లకి ఇష్టమైన పాట ఆ కూడికలో అందరూ కలిసి పాడడం మాలో ఆనవాయితీ. చెల్లికి ఇష్టమైన కీర్తన ఏదో నేను ఆలోచిస్తూనే ఉన్నాను, అంతలో మా సంఘంలో కీబోర్డ్ వాయించే అన్నయ్య ఫోన్ చేశాడు. పాటలు కట్టడం ఆయనకి మహా ఇష్టం.

"వందనాలు సిస్టర్! చెల్లెమ్మ ప్రతి ఆదివారం ప్లేట్లు సర్దుతూ ఒక రాగం తీసేది, గుర్తుందా? ఏం పాటమ్మా అంటే నవ్వి ఊరుకునేది. తనే కట్టుకుందనుకుంటా. నా చెవిలో ఉండిపోయింది. దానికి మాటలు రాశాను. పల్లవి వింటారా?"

ఫోన్ అక్కడ పెట్టి కీబోర్డ్ మీద వాయించి పాడాడు. "నన్ను విడిచి పోని తోడువు నీవే, నా దారి చివర నిలిచింది నీవే..."

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ బస్ స్టాప్ పాట! వెళ్లిపో, వెనక్కి చూడకు అని అతను ఏడ్చే చోట మా కీబోర్డ్ అన్నయ్య ప్రభువుని కూర్చోబెట్టాడు. "ఎలా ఉంది సిస్టర్?" అంటే "బాగుందన్నయ్యా" అన్నాను. ఇంకేం అనను? "బ్రదర్‌కి నిన్ననే పంపాను, చాలా ఏడ్చారు పాపం" అన్నాడు.

బ్రదర్ అంటే మా మరిదే. ఆ పాటలు కారులో మా ముగ్గురి మధ్యే నడిచాయి, అతనికి ఒక్కటీ తెలీదు. వెంటనే మరిదికి ఫోన్ చేశాను. నేను నోరు తెరిచే లోపే, "వదినా, విన్నావా? తను హమ్ చేసేది అదే కదా! నాకు మర్చిపోయినట్టయింది ఆ రాగం, ఎంత ప్రయత్నించినా వచ్చేది కాదు. ఏడాదికి తనది ఒకటి దొరికింది" అన్నాడు. అతని గొంతులో ఊపిరి ఆడుతోంది. ఏడాదిగా వినలేదు నేను ఆ చప్పుడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే మరిదికి దొరికింది కాస్తా పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకుందామా అంటే, అందరి మధ్య పిల్ల నెత్తిన ఆ పాట పడుతుంది. స్టోర్‌లో నుంచి నడిచి బయటికి వచ్చింది గానీ, చర్చిలో నుంచి నడిచి వెళ్లిపోతే ఎంత దూరం పోతుందో, మళ్లీ మా దాకా వస్తుందో రాదో. నాకు అసలు భయం అదే. తల్లి పోయింది, పిల్ల కూడా మా చేతుల్లోంచి జారిపోతోందని రోజూ అనిపించేది. పాట సంగతి ముందు దానికే చెప్పాలని తేల్చుకున్నాను.

స్కూల్ నుంచి తీసుకొచ్చి, ఇంటి ముందు కారు ఆపి, దిగకుండా చెప్పాను. చెప్పడం చేతకాక రెండు స్వరాలు తీసి చూపించాను. అది నా వైపు గిర్రున తిరిగింది.

"నో. నో వే. పెద్దమ్మా, అది బ్రేకప్ సాంగ్! జీసస్‌తో బ్రేకప్ అయిందా మనకి? అంకుల్‌కి పిచ్చా?"

నాకు నవ్వొచ్చింది, ఆ టైమ్‌లో కూడా. దానికి రాలేదు. సీట్ బెల్ట్ రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత అద్దంలోకి చూస్తూ చెప్పింది.

"ఆ రోజు మార్నింగ్ రెయిన్ పడింది కదా. అమ్మ అంబ్రెల్లాతో స్కూల్ బస్ స్టాప్‌కి వచ్చింది. 'జిప్ పెట్టుకో. లంచ్ తిను, పారెయ్యకు' అంది. బస్ వెళ్లే దాకా అక్కడే నిలబడింది. నేను వెనక్కి చూడలేదు పెద్దమ్మా. ఆ సాంగ్‌లో అదంతా ఉంది. ఎవ్రీథింగ్. అది వింటే నేను మళ్లీ బస్‌లో ఉంటా, అమ్మ బయట ఉంటుంది."

ఏడాది పాటు అది మోసింది ఇదా! నేను దాన్ని దగ్గరికి లాక్కుని, "ఏ తల్లయినా జిప్ పెట్టుకోమనే అంటుందే నా బంగారమా, అన్నం తినమనే అంటుంది. పిల్లలెవరే వెనక్కి చూసేది?" అన్నాను. "ఐ నో" అంది. కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"ఆపించెయ్యనా? ఇప్పుడే ఫోన్ చేస్తా. మీ నాన్నకి నేను చెప్పుకుంటా."

"నాన్నకి నచ్చిందా?"

"నచ్చింది."

"అయితే వద్దు, ఆపొద్దు. నేను కిచెన్‌లో ఉంటా. డోర్ క్లోజ్ చేసుకుంటా. ఐ విల్ బీ ఫైన్."

ఆ 'ఫైన్' అనే మాటంటే నాకు ఒళ్లు మంట. ఏడాదిగా వింటున్నాను.

కూడిక నాడు ఫెలోషిప్ హాల్లో కుర్చీలన్నీ నిండాయి. ముందు వరసలో మరిది, పక్కన మా ఆయన. బల్ల మీద చెల్లి ఫోటో. నేను వెనక వరసలో, కిచెన్ కిటికీ పక్కన కూర్చున్నాను. హాల్లోకి ట్రేలు అందించే కిటికీ అది. తలుపు మూసుకున్నారు గానీ కిటికీ షట్టర్ సగమే దిగింది. కింద సందులోంచి లోపల సింక్ దగ్గర రెండు జతల చేతులు కనిపిస్తున్నాయి. మామ్మగారు కడుగుతోంది, పిల్ల తుడుస్తోంది. అయ్యగారు వాక్యం చెప్పారు. తర్వాత కీబోర్డ్ మొదలైంది.

పియానో లాగే పెట్టాడు సౌండ్, మహానుభావుడు. స్క్రీన్ మీద మాటలు వచ్చాయి, పిల్లల కోసం ఇంగ్లీష్ అక్షరాల్లో కూడా. నేను పాడలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని షట్టర్ కింద చేతులే చూస్తున్నాను. పల్లవికి పిల్ల చేతుల్లో గుడ్డ ఆగిపోయింది. మామ్మగారి చేతులు కూడా ఆగాయి. ఆవిడకి పాట తెలిసిపోయింది. కాసేపటికి సన్నగా, వణుకుతూ, కొరియన్ మాటలతో ఆవిడ కూడా అందుకుంది. హాల్లో విడిచి పోని తోడు, కిచెన్లో వెళ్లిపొమ్మనే మాట, రెండూ ఒకే రాగం మీద నడుస్తున్నాయి. ఆ సంగతి ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు.

చివరి చరణం వచ్చింది. పాట ఎక్కడం మొదలుపెట్టింది. ఇదిగో, ఇప్పుడు అందరూ పైకి వెళ్తారు, పిల్ల పరిగెత్తుతుంది అనుకున్నాను. ఎక్కారు, ఎక్కారు. సరిగ్గా అక్కడ, హాలు హాలంతా చిన్న ఊపిరి తీసుకుంది. కిందికి దిగింది.

ఆ అన్నయ్య పాట నేర్చుకున్నది ఏ రికార్డులోంచీ కాదు కదా, తన నోట్లోంచి. తప్పుతో సహా, ఊపిరితో సహా నేర్చుకుని అందరికీ నేర్పాడు. తనని ఒక్కసారి కూడా చూడని కొత్త కుటుంబాలున్నాయి ఆ హాల్లో. వాళ్లూ దిగారు. మరిది దిగాడు. చంకలో పిల్లల్ని పెట్టుకున్న తల్లులు దిగారు. కిచెన్లో మామ్మగారు ఒక్కతే పైకి వెళ్లింది, అలవాటైన దారిన. పైన ఎవరూ లేక ఆవిడ గొంతు మధ్యలో ఆగిపోయింది.

షట్టర్ పైకి లేచింది. పిల్ల మొహం నాకు చేతి దూరంలో ఉంది. "పెద్దమ్మా," అంది, "అది అమ్మ."

"అవునే" అన్నాను.

మన పాటలు ఒకసారితో అవుతాయా, చరణం మళ్లీ ఎత్తుకున్నారు. పిల్ల చేతిలో గుడ్డతోనే తలుపు తీసుకుని వచ్చింది, కుర్చీల మధ్యలోంచి ముందుకు వెళ్లి వాళ్ల నాన్న పక్కన నిలబడింది. పాట ఎక్కింది. ఊపిరి. అందరూ దిగారు, అదీ దిగింది. అన్ని గొంతుల్లో ఆ ఒక్క గొంతు నాకు విడిగా వినపడింది, అది ఎవరి గొంతో నాకు తెలుసు. ఆ తర్వాత నోరు పూర్తిగా తెరిచి, పసిపిల్లలు ఏడ్చినట్టు ఏడ్చింది. మరిది దాన్ని పట్టుకున్నాడు. పాట ఎవరూ ఆపలేదు. నేనూ ఏడ్చాను, నాకేం సిగ్గు లేదు.

భోజనాల దగ్గర ఇంకో గండం వచ్చింది. మామ్మగారు చేతులు తుడుచుకుని, ఫోన్ పట్టుకుని తిన్నగా కీబోర్డ్ అన్నయ్య దగ్గరికి వచ్చింది. అసలు పాట పెట్టింది. ఆ చోటు రాగానే వేలు పైకి చూపించి, "అప్, అప్" అంది, ఎంతో ప్రేమగా. అన్నయ్య మొహం మాడిపోయింది.

"ఇదేంటి సిస్టర్? ఇది వీళ్ల పాటా?"

బిరియానీ ప్లేట్ పట్టుకుని మరిది పక్కనే ఉన్నాడు. ఇక దాచి లాభం లేదు. "వీళ్ల ప్రేమ పాట అన్నయ్యా. ఒకడు ఒకామెని బస్సెక్కించి పంపించేస్తాడు. చెల్లికి ప్రాణం" అన్నాను. మరిది వైపు చూడలేకపోయాను.

అన్నయ్య పాపం తల పట్టుకున్నాడు. "అయ్యో, లోకపు పాటకి ప్రభువు మాటలు పెట్టానా! పైగా తప్పు పట్టుకున్నా. ఇక పాడొద్దు. లేదంటే కనీసం ట్యూన్ అయినా సరిచేద్దాం, ఆవిడ చెప్పినట్టు పైకి..."

"నో, అంకుల్." పిల్ల కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మధ్యలోకి వచ్చి నిలబడింది. "ఫిక్స్ చెయ్యొద్దు. ప్లీజ్. ఒరిజినల్‌లో అమ్మ లేదు. అమ్మ ఉన్నది అక్కడే, ఆ కిందికి వెళ్లే చోట. అది పైకి తీస్తే అమ్మ పోతుంది."

మామ్మగారికి భాష రాకపోయినా ఏం అర్థమైందో ఏమో, ఫోన్ ఆపి ఏప్రన్ జేబులో వేసుకుంది. మరిది ప్లేట్ పక్కన పెట్టాడు. "ఏ పాటైతే ఏంలే అన్నయ్యా. అట్లాగే ఉంచండి" అన్నాడు.

అట్లాగే ఉంది. ఎవరో ఫోన్‌లో రికార్డ్ చేసి పంపినట్టున్నారు, పోయిన నెల ఎక్కడో ఇంకో రాష్ట్రంలో, పిస్కాటవేలో ఒక తెలుగు సంఘం వాళ్లు పాడిన వీడియో వాట్సాప్‌లో తిరుగుతూ మా దాకా వచ్చింది. ఒక్క మొహం కూడా నాకు తెలీదు. ఆ చోటు రాగానే చిన్న ఊపిరి తీసుకుని అందరూ కిందికి దిగారు. రెండోసారి చూడలేక ఫోన్ బోర్లా పెట్టేశాను. మనిషిని పాతిపెట్టి వచ్చాం, ఆ మనిషి ఊపిరి తెలియని వాళ్ల నోళ్లలో ఊరూరా తిరుగుతోంది. దీన్ని ఓదార్పు అనాలో ఇంకేమనాలో నాకు ఇప్పటికీ తెలీదు.

నిన్న సాయంత్రం నేను చారు పోపు పెడుతున్నాను. పిల్ల పైన, మా ఇంట్లో దానికిచ్చిన గదిలో బట్టలు మడతపెట్టుకుంటోంది. పెదవులు కలిపి ఆ రాగం తీస్తోంది, దానంతట అది, ఏడాదిన్నర తర్వాత. నేను గరిటె ఆపి విన్నాను. ఎక్కింది, ఊపిరి తీసుకుంది, దిగింది. సరిగ్గా అప్పుడే కుక్కర్ చిన్న సంగీతం వాయించి, తన రెండు ముక్కలూ చెప్పింది.

"సరే తల్లీ, వస్తున్నా!" అని పైనుంచి వినపడింది.

నా చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. భయం వేసింది. అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. పొయ్యి ఆపి, అన్నం మూత తీసి, ఆవిరిలో మొహం పెట్టుకుని నిలబడ్డాను. ఆ అడుగులు వంటింటి దాకా వచ్చేవరకూ తల తిప్పలేదు. తిరిగి చూస్తే దిగొచ్చేది పిల్ల ఒక్కతే అవుతుంది.